ఆగిన తీరే ఆనవాలు

షెడ్డులో ఏ లోపమూ చూపని పాత కారు రోడ్డెక్కాకే నిజం చెబుతుంది. 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ ఒకటి నా చేతికొచ్చింది. ఐదు కిలోమీటర్లు హాయిగా నడిచి, దగ్గి, గుంజుకుంటూ ఆగింది. కరెంటు పోతే ఇంజను టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే ఇలా దగ్గుతూ ఆగుతుంది.

ఈ కారులో పెట్రోలు పంపు లేదు. ముందద్దం కిందున్న ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే కార్బురేటర్‌లోకి దిగుతుంది. ట్యాంకు మూత విప్పాను. సుయ్‌మంటూ గాలి లోపలికి పోయింది. మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయింది! లోపలికి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేశాను. అదే దారిలో పదిహేను కిలోమీటర్లు తిప్పితే ఒక్కసారీ దగ్గలేదు.

సామాన్లు మార్చేముందు బండి ఎలా ఆగిందో గమనించండి. జబ్బు ఆనవాలు అక్కడే ఉంటుంది.