ఒకే రాడ్‌తో అన్ని లూర్లూ వేయొచ్చా? బాస్ ఫిషింగ్‌కి కాస్టింగ్ రాడ్ ఎలా ఎంచుకోవాలి

గత మార్చిలో లేక్ ఫోర్క్‌లో ఒక చేపని పోగొట్టుకున్నాను. డల్లాస్ నుంచి తూర్పుకి గంటన్నర డ్రైవ్. టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ బాస్ 1992లో ఈ సరస్సులోనే దొరికింది. బరువు 18.18 పౌండ్లు, అంటే 8 కిలోల పైనే. నాకు తగిలింది అంతది కాదు గానీ, నా లైఫ్‌లో అదే పెద్దది. పడవకి రెండు గజాల దూరంలో పైకి లేచి తల విదిల్చింది. అంతే! లూర్ ఎగిరొచ్చి నా టోపీ పక్కనుంచి వెళ్లిపోయింది.

పడవ మా ఆఫీసు సీనియర్‌ది. ఆయన నా చేతిలో రాడ్ తీసుకుని చివర వంచి చూశాడు. "రాడ్ మంచిదే తమ్ముడూ. ఈ లూర్‌కి మాత్రం కాదు" అన్నాడు.

200 డాలర్ల పైన పెట్టి కొన్న రాడ్ అది. ఫోన్ కొన్నట్టే కొన్నాను. ఎక్కువ గట్టిదనం, తక్కువ బరువు, హై మాడ్యులస్ కార్బన్... స్పెక్ షీట్‌లో ఏది పెద్దగా కనిపిస్తే అదే బెస్ట్ అనుకున్నా. 200 మెగాపిక్సెల్స్ ఉంటే ఫొటో బాగా వస్తుందనుకోవడం లాంటిదే ఇదీ.

రాడ్ మీద రాసింది చదవడం ఎలా?

ముందు బేసిక్స్. కాస్టింగ్ రాడ్‌లో రీల్ పైన కూర్చుంటుంది, దారం వెళ్లే రింగులు కూడా పైకే ఉంటాయి, పిడి కింద వేలికి ట్రిగ్గర్ ఉంటుంది. స్పిన్నింగ్ రాడ్‌లో రీల్, రింగులు కిందికి వేలాడతాయి. బాగా తేలికైన లూర్లకి స్పిన్నింగ్ సుఖం. సుమారు 1/4 ఔన్సు, అంటే 7 గ్రాములు దాటితే కాస్టింగ్ రాడ్ రంగంలోకి దిగుతుంది.

పిడికి కాస్త పైన సాధారణంగా ఇలా ఉంటుంది: 7 అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, లూర్ 1/4–3/4 ఔన్సు, లైన్ 12–20 పౌండ్లు.

ఇందులో జనం కలగాపులగం చేసేవి రెండు. పవర్ అంటే రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలి అన్నది. మీడియం, మీడియం హెవీ, హెవీ అని చెప్పేది దాన్నే. యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుంది అన్నది. ఫాస్ట్ అయితే పై కొస మాత్రమే వంగుతుంది, మోడరేట్ అయితే సగం దాకా విల్లులా వంగుతుంది. ఇంకో సంగతి, వీటికి అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలమానం లేదు. ఒకరి మీడియం హెవీ ఇంకొకరి హెవీ కావచ్చు.

లూర్ బరువు లైన్‌ని తేలిగ్గా తీసుకోకండి. మరీ తేలికైన లూర్ కడితే రాడ్ వంగదు, వంగకపోతే విసురు రాదు. లూర్ నెమ్మదిగా పోతుంటే స్పూల్ మాత్రం గిర్రున తిరుగుతుంది, దారం పిచ్చుకగూడు అయిపోతుంది. మొదటి నెల నా వీకెండ్లలో సగం ఆ గూళ్లు విప్పడానికే సరిపోయాయి.

అసలు కిటుకు హుక్‌లో ఉంది

లూర్ రంగు, ఆకారం కాదు, ముందు దాని హుక్ చూడండి.

క్రాంక్‌బైట్‌కి ట్రెబుల్ హుక్స్ ఉంటాయి, మూడు ముళ్లవి, సన్నటి తీగవి. పదునుగా ఉంటాయి కాబట్టి చేప కొరికితే చాలు, దిగిపోతాయి. కానీ లోతుగా దిగవు. అప్పుడు గట్టి రాడ్‌తో లాగితే పెదవి చిరిగి ఊడిపోతుంది. మెత్తగా వంగే రాడ్ అయితే చేప తల విదిల్చినప్పుడు ఆ కుదుపుని తనే మింగేస్తుంది. కారుకి షాక్ అబ్జార్బర్ ఎలాగో అలాగన్నమాట. నా గట్టి ఫాస్ట్ రాడ్‌లో మిస్సయింది అదే.

జిగ్, టెక్సస్ రిగ్ లాంటివి దీనికి రివర్స్. ఒకటే హుక్, లావు తీగ. టెక్సస్ రిగ్‌లో హుక్ మొన ప్లాస్టిక్ పురుగు లోపల దాగి ఉంటుంది. మీరు ఒక్క గుంజు గుంజితే అది ముందు ప్లాస్టిక్‌ని చీల్చుకుని, ఆ తర్వాత చేప నోట్లో దిగాలి. ఇక్కడ మెత్తటి రాడ్ పనికిరాదు.

ఏ లూర్‌కి ఏ రాడ్?

*క్రాంక్‌బైట్:* 7 అడుగులు, మీడియం లేదా మీడియం హెవీ, మోడరేట్ యాక్షన్. లోతుకి దిగే పెద్ద క్రాంక్‌బైట్‌కి 7 అడుగుల 6 అంగుళాలు లేదా ఇంకా పొడవు. ఎంత దూరం విసిరితే అంత సేపు లోతులో ఈదుతుంది.

*టాప్‌వాటర్:* నీటిపైన అటూ ఇటూ ఊగుతూ వచ్చే లూర్లు. చాలావాటికి ట్రెబుల్ హుక్సే. మీడియం పవర్, 6 అడుగుల 8 అంగుళాల నుంచి 7 దాకా. రాడ్ కొసని కిందికి దించి ఆడించాలి, మరీ పొడవైతే నీళ్లకి తగులుతుంది. ఫ్లోరోకార్బన్ లైన్ మునుగుతుంది కాబట్టి దీనికి వద్దు, మోనో మేలు.

*స్పిన్నర్‌బైట్, చాటర్‌బైట్:* హుక్ ఒకటే అయినా లూర్ ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. 7 అడుగులు, మీడియం హెవీ, మోడరేట్ ఫాస్ట్.

*జిగ్, టెక్సస్ రిగ్:* 7 నుంచి 7 అడుగుల 3 అంగుళాలు, మీడియం హెవీ, ఫాస్ట్. నీళ్లలో మునిగిన చెట్ల మధ్య అయితే హెవీ.

*ఫ్రాగ్:* నాచు, ఆకుల మీద నడిపే బోలు కప్ప. 7 అడుగుల పైన, హెవీ, ఫాస్ట్, 50–65 పౌండ్ల బ్రెయిడ్ లైన్. చేపతో పాటు రెండు కిలోల నాచు కూడా లాగాలి మరి! మన దగ్గర కొరమీను కోసం ఫ్రాగ్ వేసేవాళ్లకీ ఇదే లెక్క పనికొస్తుంది.

కార్బన్ నంబర్ల మాయ

మాడ్యులస్ ఎక్కువైతే అదే గట్టిదనం తక్కువ మెటీరియల్‌తో వస్తుంది. రాడ్ తేలికవుతుంది, చేప చిన్నగా తాకినా చేతికి తెలుస్తుంది. జిగ్‌కి ఇది నిజంగా ప్లస్సే. కానీ గోడ పలచబడుతుంది, దెబ్బ తగిలితే త్వరగా విరుగుతుంది. చేప దగ్గరికొచ్చినప్పుడు రాడ్‌ని నిటారుగా పైకెత్తితే భారం మొత్తం కొస మీద పడి పుటుక్కుమంటుంది. క్రాంక్‌బైట్‌కైతే పాతకాలపు ఫైబర్‌గ్లాస్, లేదా గ్లాస్, కార్బన్ కలిపిన కాంపోజిట్ ఇప్పటికీ బాగా నడుస్తోంది. బరువెక్కువ, ఫీల్ తక్కువ, కానీ హుక్ ఊడదు.

షాపుకి వెళ్తే మీ రీల్ తీసుకెళ్లండి. బిగించి, రీల్ ముందు భాగం దగ్గర ఒక్క వేలి మీద నిలబెట్టి చూడండి. కొస బరువుగా వాలిపోతే సాయంత్రానికి మణికట్టు నొప్పి గ్యారంటీ. తర్వాత పక్కవాళ్లని దారం పట్టుకోమని మెల్లగా వంచండి. లేబుల్ చెప్పని యాక్షన్ ఆ వంపు చెప్తుంది.

ఫైనల్‌గా, ఎన్ని రాడ్లు?

బడ్జెట్ ఒక్కదానికే ఉంటే 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్ తీసుకోండి. జిగ్, టెక్సస్ రిగ్, స్పిన్నర్‌బైట్ మూడూ నడుస్తాయి. క్రాంక్‌బైట్ వేస్తే గట్టిగా గుంజకుండా నిదానంగా తిప్పండి. రెండోది కొనగలిగితే మోడరేట్ యాక్షన్ రాడ్ కొనండి. నాచు ఎక్కువున్న చోటికి వెళ్తేనే మూడోది, హెవీ. ఒక ఖరీదైన రాడ్ కంటే రెండు సరైన మామూలు రాడ్లు మేలని నా డబ్బుతో నేర్చుకున్నాను.

ఏప్రిల్‌లో మళ్లీ అదే సరస్సుకి వెళ్లాను. 100 డాలర్ల లోపు కాంపోజిట్ రాడ్, అదే లూర్. ఈసారి తగిలిన చేప పడవ పక్కన మూడుసార్లు తల విదిల్చింది. రాడ్ వంగింది, లేచింది, మళ్లీ వంగింది. హుక్ మాత్రం కదల్లేదు. కొలిస్తే 19 అంగుళాలు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఉంచుకోకూడదని రూల్. ఒక ఫొటో తీసుకుని వదిలేశాను. ఈసారి చేప పోయింది నా చేతులతోనే, కాబట్టి బాధ లేదు.