సముద్రం మీద ఆరుగురు ఆడవాళ్లు



ఏరు దాటడానికి మీరు పడవ ఎక్కే ఉంటారు. సముద్రాలు దాటి భూమి చుట్టూ తిరిగొచ్చిన పడవ గురించి విన్నారా? ఆ పడవ పేరు తారిణి. పొడవు 55 అడుగులు. దాన్ని గోవాలో తయారు చేశారు. అది తెరచాప పడవ. గాలే దాన్ని నడిపిస్తుంది.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళంలో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లు గోవా నుంచి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య కూడా అందులో ఉన్నారు. మగవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ సంగతి మా కేంద్రంలో చెబితే ఒక అక్క వెంటనే అడిగింది: "మరి అన్నం ఎవరు వండారు పంతులమ్మా?"

మంచి ప్రశ్న. ఇలాంటి పడవలో అన్నీ వంతుల పనులే. ఒకరు చుక్కాని పడతారు. ఒకరు వండుతారు. కొందరు నిద్రపోతారు. రాత్రి కూడా పడవ ఆగదు. కాబట్టి ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. పడవ ఊగితే గిన్నె ఒలికిపోతుంది. అందుకని పొయ్యిని ఉయ్యాలలా వేలాడదీస్తారు. పడవ ఒరిగినా గిన్నె నిలకడగా ఉంటుంది.

చుట్టూ నీళ్లే, కానీ తాగడానికి పనికిరావు. ఉప్పునీళ్లు తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. ఒళ్లు పాడవుతుంది. అందుకే ఉప్పు తీసేసే యంత్రం పెట్టుకుంటారు. మంచినీళ్లు చెంబుతో కొలిచినట్టు వాడుకోవాలి. నీటి విలువ బిందెలు మోసే మనకి వేరే చెప్పాలా?

న్యూజిలాండు దాటాక పెద్ద తుఫాను వచ్చింది. గాలి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వీచింది. అలలు రెండంతస్తుల మేడంత లేచాయి. ఇలాంటప్పుడు తెరచాపను దించి చిన్నది చెయ్యాలి. లేకపోతే చాప చినిగిపోతుంది, పడవ ఒరిగిపోతుంది. పైకి వెళ్లేవాళ్లు నడుముకు తాడు కట్టుకోవాలి. నీళ్లలో పడితే వెతికి పట్టుకోవడం చాలా కష్టం. ఆ ఒక్క సముద్రం దాటడానికే వాళ్లకు 41 రోజులు పట్టింది.

తిరిగొచ్చే దారిలో చుక్కాని తిప్పే యంత్రం చెడిపోయింది. మారిషస్ రేవులో ఆగి బాగు చేయించుకున్నారు. 2018 మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు. దాదాపు 40 వేల కిలోమీటర్లు. అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. ఆమె కూడా ఆడమనిషే.

ఇంకొక్క మాట. పడవలో ఒక పుస్తకం ఉంటుంది. పడవ ఎక్కడుంది, గాలి ఎటు వీస్తోంది అన్నీ అందులో రాస్తారు. తర్వాత వంతుకు వచ్చే మనిషి అది చదివి పని అందుకుంటుంది. ఒకరు రాసింది ఒకరు చదవాలి. అప్పుడే పడవ దారి తప్పదు.

మీరూ ఇప్పుడు రాయగలరు, చదవగలరు. మీ సంఘం పుస్తకం తెరవండి. ఈ నెల లెక్క మీరే రాయండి. పక్కన కూర్చున్న అక్క చేత చదివించండి.