నాలుగు తీగల్లో రెండే ఉంటే

యూఎస్‌బీ 2.0 కేబుల్ పైతొడుగు ఒలిస్తే లోపల 4 తీగలు కనిపిస్తాయి: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఎరుపులో 5 వోల్టుల కరెంటు వస్తుంది, నలుపులో తిరిగి పోతుంది. ఫొటోలు, అంటే డేటా, నడిచేది మిగతా రెండింట్లోనే. చార్జింగ్ కోసమే చేసిన చవక వైర్లలో ఆ రెండూ ఉండవు. పైనుంచి చూస్తే మాత్రం అన్నీ ఒకటే.

మా మాక్లూర్ వైపు మాఘమాసం వస్తే పసుపు ఉడకబెట్టే పని, పెళ్లిళ్లు ఒక్కసారే మీద పడతాయి. అలాంటి రోజుల్లో ఒక పెళ్లి మర్నాడు, తెలిసిన స్టూడియో పిల్లగాడు ఫోన్ చేశాడు. "అన్నా, కంప్యూటర్ల కెమెరా కనవడ్తలేదు. మూడుసార్లు బంద్ చేసి చాలూ చేసిన. విండోస్ మల్ల ఎక్కియ్యాల్నా?"

నేను ఒక్కటే అడిగాను. "వైరు పెట్టంగనే సప్పుడొచ్చిందా?"

"రాలేదన్నా."

సప్పుడు రాలేదంటే తనకేదో తగిలిందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియలేదన్నమాట. కెమెరా లోపల డేటా తీగకు 1.5 కిలో ఓముల చిన్న రెసిస్టర్ ఉంటుంది. అది ఆ తీగ వోల్టేజీని పైకి లాగినప్పుడే కంప్యూటర్ మేలుకొని "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. తీగే లేనప్పుడు విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఒరిగేదేం లేదు. సొరుగులో ఉన్న ఇంకో వైరు పెట్టమన్నాను. కెమెరా కనిపించింది. మొదటిది ఫోన్ చార్జింగ్ కోసం కొన్న వైరట.

సప్పుడు వచ్చినా కెమెరా తెరుచుకోలేదంటే కథ వేరు. అప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి, పసుపుపచ్చ గుర్తున్న పేరు మీద రెండుసార్లు నొక్కి అంకె చూడండి. 28 అని ఉంటే డ్రైవర్ లేదు. 43 అని ఉంటే ఆ పరికరంలో ఏదో తేడా ఉందని విండోస్ దాన్ని ఆపేసింది. 43కు చాలాసార్లు వైరో, వదులైన సాకెట్టో కారణం. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి వెనక పెట్టండి. ముందు పోర్టుకు మదర్‌బోర్డు నుంచి ఇంకో వైరు వస్తుంది, వెనకవి నేరుగా బోర్డుకే ఉంటాయి. హబ్ కూడా తీసేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. సొంత కరెంటు లేని హబ్‌లో దాన్నే అందరూ పంచుకోవాలి.

కెమెరా మెనూ కూడా ఒకసారి చూడాలి. కొన్ని కెమెరాల్లో వైఫై ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పనిచేయదు. కనెక్షన్ పీటీపీ అనే ఫొటోలు పంపే పద్ధతిలో ఉంటే 'ఈ', 'ఎఫ్' అని డ్రైవ్ అక్షరం రాదు, కెమెరా బొమ్మ మాత్రమే వస్తుంది. అది చూడక 'కనవడ్తలేదు' అనుకునేవాళ్లు నాకు చాలామందే తగిలారు. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుంచీ పీటీపీకి వేరే డ్రైవర్ అక్కర్లేదు.

ఇంత తంటా ఎందుకు, కార్డు తీసి రీడర్‌లో పెట్టొచ్చుగా అంటారా? నా ఓటూ దానికే. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. చేతికొచ్చేది అందులో సగం. 64 జీబీ కార్డు ఖాళీ కావడానికి అరగంట పైనే పడుతుంది. 12 మెగాబిట్ల పాత యూఎస్‌బీ 1.1 పోర్టు మీద అదే పనికి ఎంత తక్కువన్నా 12 గంటలు. యూఎస్‌బీ 3.0 రీడర్, దానికి తగ్గ కార్డు, పోర్టు ఉంటే పావుగంటలో అయిపోతుంది.

కానీ అసలు ప్రమాదం ఈ రీడర్ దగ్గరే పొంచి ఉంది. 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉన్న కార్డులు ఎస్‌డీహెచ్‌సీ, వాటిలో ఫైళ్లు సర్దే పద్ధతి ఫ్యాట్32. 32 దాటితే ఎస్‌డీఎక్స్‌సీ, ఎక్స్‌ఫ్యాట్. పాత రీడర్‌కు ఎస్‌డీఎక్స్‌సీయో, పాత విండోస్‌కు ఎక్స్‌ఫ్యాటో చదవడం రాకపోతే, కంప్యూటర్ తనకు రాదని చెప్పదు. "డిస్క్ ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. పొద్దుపోయి, నిద్రకళ్లతో, పెళ్లివాళ్లు ఆల్బం అడుగుతున్న తొందరలో 'ఫార్మాట్' చేశారా, తలంబ్రాలూ అప్పగింతలూ అన్నీ పోయినట్టే. కార్డు బాగానే ఉంటుంది, చదివేదానికే చదువు రాదు. ఆ ప్రశ్న కనిపిస్తే క్యాన్సిల్ నొక్కండి. కార్డు మళ్లీ కెమెరాలో పెట్టి ఫొటోలున్నాయో లేదో చూడండి. ఉంటే మార్చాల్సింది రీడర్‌నో కంప్యూటర్‌నో. అక్కడా లేకపోతే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టి, రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ స్టూడియోలో ఇప్పుడు డేటా నడిచే వైరుకు ఎర్ర టేపు చుట్టి ఉంది. మీ సొరుగులో ఉన్నవాటిలో అలాంటిది ఏదో ముహూర్తాలు మొదలుకాక ముందే తేల్చి పెట్టుకోండి.