99 శాతం: ఒక మాట సాధించినదీ, సాధించలేనిదీ

ఒక ఉద్యమం ఎన్నాళ్లు నిలిచిందన్నదే గెలుపోటములకు కొలమానమైతే, 2011లో న్యూయార్క్‌లో సాగిన 'ఆక్యుపై వాల్ స్ట్రీట్' ఉద్యమం ఓడిపోయినట్టే లెక్క. సెప్టెంబరు 17న మొదలైన శిబిరాన్ని నవంబరు 15న, అర్ధరాత్రి దాటాక, పోలీసులు ఖాళీ చేయించారు. నిండా రెండు నెలలైనా నిలవలేదు. అయినా అది జనం నోట పెట్టిన 'మేమే 99 శాతం' అన్న మాట మిగిలింది. ఆ మాట చేసిన పని ఏమిటి, చేయలేకపోయిన పని ఏమిటి అన్నది మాటలతో పనిచేసే రచయితలు పరిశీలించవలసిన ప్రశ్న.

దీని మూలాలు 2008 సంక్షోభంలో ఉన్నాయి. ఇళ్ల తాకట్టు రుణాలను సరుకుగా మార్చి జూదమాడిన ద్రవ్య సంస్థలు ఆ సంవత్సరం కుప్పకూలాయి. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. వెంటనే అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల సహాయనిధికి చట్టం చేసింది. బ్యాంకులను ఆదుకున్న ఆ చెయ్యి సామాన్యుల దాకా రాలేదు. లక్షలాది కుటుంబాల ఇళ్లు జప్తయ్యాయి. అప్పు చేసి చదివిన యువకులు పట్టాతో పాటు బాకీని కూడా ఇంటికి తెచ్చుకున్నారు. 2011 ఆరంభంలో కైరోలోని తహ్రీర్ చౌకు, మే నెలలో మాడ్రిడ్ చౌకు జనంతో నిండటం వారికి దారి చూపింది. జూలైలో 'ఆడ్‌బస్టర్స్' అనే కెనడా పత్రిక వాల్ స్ట్రీట్‌ను ఆక్రమించమని పిలుపునిచ్చింది.

వాల్ స్ట్రీట్‌కు దగ్గరలోని జుకోటి పార్కులో శిబిరం వెలిసింది. అనుమతి లేకుండా అక్కడ మైకు పెట్టడానికి వీల్లేదు. ఆ నిషేధంలోంచే 'జన మైకు' పుట్టింది. వక్త ఒక ముక్క చెబితే, చుట్టూ ఉన్నవాళ్లు దాన్నే ముక్తకంఠంతో వెనక ఉన్నవారికి అందించేవారు. ఈ పద్ధతిలో సుదీర్ఘ వాక్యం బతకదు, అలంకారం నిలవదు. తనకు గిట్టని అభిప్రాయాన్ని సైతం శ్రోత తన నోటితో పలకవలసి వచ్చేది. మౌఖిక సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారికి ఇది ఆసక్తికరమైన ప్రక్రియ.

శిబిరం బయట మరో ప్రక్రియ సాగింది. వైద్యానికి చేసిన అప్పు, ఊడిన ఉద్యోగం, తీరని చదువు బాకీ వంటి తమ కథలను జనం కాగితం మీద చేత్తో రాసుకుని, ముఖానికి అడ్డంగా పట్టుకుని ఫోటోలు తీయించుకున్నారు. శ్రమించినవాడు బాగుపడతాడని, బాగుపడనివాడు శ్రమించలేదని నూరిపోసిన సమాజంలో పేదరికం సిగ్గుపడవలసిన విషయం. వేలాది కాగితాలు పక్కపక్కన చేరేసరికి ఆ సిగ్గు కోపమైంది. వ్యక్తి వైఫల్యంగా కనిపించినది వ్యవస్థ స్వభావంగా బయటపడింది. ఆ నినాదం చేసిన అసలు పని ఇదే.

అయితే దాని పరిమితి కూడా అందులోనే ఉంది. 99 అన్నది ఒక సంఖ్యే గాని వర్గం కాదు. ఆఫీసు ఊడ్చే మనిషీ, ఆమెపై అజమాయిషీ చేసే మేనేజరూ అందులోనే ఇమిడిపోతారు. నల్లజాతి కార్మికుడి అనుభవానికీ తెల్లజాతి పట్టభద్రుడి అనుభవానికీ ఉన్న తేడా అందులో కనిపించదు. 'ఆక్రమణ' అన్న మాటనే ఆదివాసులు ప్రశ్నించారు: మా నేల ఆక్రమణకు గురై శతాబ్దాలు కాలేదా అని. పైగా, సర్వసమ్మతి కోసం పట్టుబట్టిన సభలు ఒక నిర్దిష్ట కోర్కెల పత్రాన్ని ఖరారు చేయలేకపోయాయి. చోటు పోగానే కూడలి పోయింది.

ఐతే శిబిరం తనంతట తాను చెదిరిపోలేదని మరవరాదు. అక్టోబరు 1న బ్రూక్లిన్ వంతెన మీదనే 700 మందికి పైగా అరెస్టయ్యారు. నవంబరు దాడిలో, విరాళంగా వచ్చిన వేలాది పుస్తకాలతో వెలసిన ప్రజా గ్రంథాలయం ధ్వంసమైంది. దావా వేస్తే, నగర ప్రభుత్వం 2013లో పుస్తకాల నష్టానికి 47,000 డాలర్లు చెల్లించింది.

తర్వాత ఆ మాట నిర్మాణం ఉన్న చోట్లకు చేరింది. 2012 నవంబరులో న్యూయార్క్ ఫలహారశాలల కార్మికులు గంటకు 15 డాలర్ల వేతనమూ, యూనియన్ హక్కూ కోరుతూ సమ్మె చేశారు. 2016లో న్యూయార్క్ రాష్ట్రం దశలవారీగా ఆ వేతనానికి చట్టం చేసింది. ఉద్యమకారులే నడిపిన 'రోలింగ్ జూబిలీ' దాదాపు 7 లక్షల డాలర్ల విరాళాలతో, సామాన్యుల మొండి బాకీలను చౌకగా కొని, 3 కోట్ల డాలర్లకు పైగా రద్దు చేసింది. అదే ఏడు బెర్నీ శాండర్స్ ఎన్నికల ప్రచారంలో 1 శాతం ఆధిపత్యమే ప్రధానాంశమైంది. అయినా 2009లో 7.25 డాలర్లయిన ఫెడరల్ కనీస వేతనం పదిహేనేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది.

దీన్నిబట్టి తేలేదేమిటి? జనం బాధకు సరైన పేరు పెట్టటం చిన్న పని కాదు. పేరు లేని బాధ ఒంటరిది. కాని పేరు పెట్టటంతో పోరాటం పూర్తికాదు. 15 డాలర్లన్న కోర్కె వెనక సమ్మెకు దిగిన కార్మికులున్నారు, అందుకే అది చట్టం దాకా నడిచింది. నినాదం జనాన్ని ఒక్కటి చేస్తుంది. ఆ ఒక్కటిలో ఎవరు ఎవరి మీద నిలబడ్డారో చూపవలసినది సాహిత్యం. ఆ తేడాలను దాచిన రచన నినాదానికి ప్రతిధ్వని మాత్రమే అవుతుంది. తేడాలనే చూపి ఐక్యతను విస్మరించిన రచన పాలకులకు ఉపయోగపడుతుంది. ఈ రెండింటి మధ్య దారిని 99 శాతం అన్న మాట మనకు వదిలిపెట్టిన పనిగా భావించాలి.