కోటలోని కాపురములు

గోలకొండను శిథిలముగా మాత్రమే తలంచువారు ఫతే దర్వాజా దాటి చూడవలెను. కోటగోడల నడుమ ఊరున్నది. పెండ్లిండ్లు జరుగుచున్నవి, వానకు పైకప్పులు కారుచున్నవి. 1958 నాటి పురాతన స్మారకముల చట్టమును 2010లో సవరించి, రక్షిత ప్రదేశమునకు 100 మీటర్ల లోపల కొత్త కట్టడమును నిషేధించిరి. ఆవల మరి 200 మీటర్ల వరకు అనుమతి వలయును. ఇంటి మరమ్మతునకును అనుమతి తప్పదు.

ఈ నిషేధమును మేము తప్పుపట్టము. కుతుబ్‌షాహీల నాటి రాతిపని పోయినచో మరల రాదు. కాని కారు కప్పునకై కచ్చేరీల చుట్టు తిరిగి విసిగిన గృహస్థుడు చాటుగా సిమెంటు పూయించును. పాత సున్నపు గోడ తేమను వెలికి విడువలేక లోలోన చివుకును. రక్షణ పేరిట జరుగు నాశనమిది!

అహమ్మదాబాదు పాతనగరములో వేరొక త్రోవ తొక్కిరి. అచ్చటి వారసత్వ గృహముల యజమానులు, తమ యింటిపై కట్టక విడిచిన హక్కును నగరమున మరియొకచోట కట్టువారికి అమ్ముకొని, ఆ ధనముతో ఇల్లు బాగుచేయించుకొనవచ్చును. 2017లో ఆ నగరము ప్రపంచ వారసత్వ పట్టిక కెక్కినది.

ప్రతి స్మారకమునకు ప్రత్యేక ఉపనిబంధనలు చేయవలెనని 2010 సవరణమే విధించినది. ముసాయిదాపై ప్రజలు ఆక్షేపణలు తెలుపవచ్చును. గోలకొండకు సంబంధించిన ప్రతి ముసాయిదాయు తెలుగున, ఉర్దూన అచ్చై కోటలోని ప్రతి వాకిటికి చేరవలెను. సున్నపుపని నేర్చిన మేస్త్రీ కూలిలో ప్రభుత్వము భరించు పాలెంతయో అందు వ్రాయవలెను.