ఇంకెంత గాలి మిగిలింది?

నాగార్జునసాగర్‌లోనో శ్రీశైలం జలాశయంలోనో ఎవరైనా గల్లంతైతే మొదట కబురు వెళ్లేది గజ ఈతగాళ్లకే. ఊపిరి బిగబట్టి మునుగుతారు, ఇక ఆపుకోలేమనిపించగానే పైకి తేలుతారు. ఆ ఉక్కిరిబిక్కిరికి ముఖ్య కారణం ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. ఒంట్లోనే ఉన్న హెచ్చరిక అది.

సిలిండరు తగిలించుకున్నవాళ్లకు ఆ హెచ్చరిక అక్కరకు రాదు. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి అందిస్తుంది. సిలిండరు ఖాళీ అయ్యే ముందు దాకా ఊపిరి హాయిగానే ఆడుతుంది. చిక్కల్లా అక్కడే.

లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున రెండు గంటలు వస్తుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు, కాబట్టి అరగంటే.

గేజ్‌లు వాడుకలోకి రాకముందు దీనికి జె-వాల్వ్ అనే ఉపాయం ఉండేది. ఒత్తిడి సుమారు 20 బార్లకు పడిపోగానే లోపలి స్ప్రింగ్ గాలిదారిని మూసెయ్యడం మొదలెడుతుంది. ఊపిరి బరువెక్కుతుంది. అప్పుడు నడుము పక్కనున్న కడ్డీని కిందికి లాగితే మిగతా గాలి వస్తుంది. మిగిలింది మన సిలిండరులో 240 లీటర్లు. 30 మీటర్ల దగ్గరే ఉండిపోతే మూడు నిమిషాలకు మించి రాదు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. వలకో కొమ్మకో తగిలి కడ్డీ ముందే కిందికి జారిందా, అసలు హెచ్చరికే ఉండదు. తెలివైన ఏర్పాటే, కానీ నమ్మదగింది కాదు. ఎంత మిగిలిందో అడుగడుగునా చూపే ప్రెజర్ గేజ్ వచ్చాక అది మూలనపడింది.

నీళ్లు లేనిచోటా ఇదే సమస్య. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. దట్టమైన పొగ సహాయక బృందాలను గంటల తరబడి అడ్డుకుంది. అలాంటి పొగలో గేజ్ ఉన్నా కంటికి ఆనదు. అందుకే అగ్నిమాపక సిబ్బంది గాలి సెట్లలో ఒత్తిడి సుమారు 55 బార్లకు దిగగానే ఈల మోగుతుంది. అయితే ఈల మోగేదాకా లోపలే ఉండాలని దానర్థం కాదు. నెత్తిన కప్పు ఉన్నచోట, అంటే నీటి గుహల్లో, డైవర్లు మరీ కచ్చితంగా ఉంటారు: మూడోవంతు గాలి పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకు.

పాత జె-వాల్వ్ సిలిండర్లు ఇంకా అక్కడక్కడా అమ్మకానికి వస్తుంటాయి. ముచ్చటపడి కొంటే షోకేసులో పెట్టుకోండి. నీళ్లలోకి మాత్రం సిలిండరు ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే హైడ్రో టెస్టు తేదీ చూడకుండా, పనిచేసే గేజ్ లేకుండా దిగకండి.