పశువైద్య పట్టా చదువు: పదో తరగతి నుంచే ప్రణాళిక అవసరం

చిట్యాల (నల్గొండ జిల్లా): పశువైద్య, పశుసంవర్ధక శాస్త్ర పట్టా (బి.వి.ఎస్సి. అండ్ ఎ.హెచ్.) చదవదలచిన గ్రామీణ విద్యార్థులు ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ ప్రవేశ పరీక్ష రాయాలి, ఏ ధ్రువపత్రాలు సమకూర్చుకోవాలి అన్న మూడు విషయాలను పదో తరగతిలోనే నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత ఆలోచన మొదలుపెట్టినవారికి మొదటి అవకాశం అప్పటికే చేయి దాటి ఉంటుంది. మూడవది కౌన్సెలింగ్ గడువులోగా తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే పనిగా మారుతుంది.

పాడి, గొర్రెల పెంపకం జీవనాధారంగా గల నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతానికి ఈ చదువుతో సంబంధం ఎంతో దగ్గరిది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెల సంఖ్య సుమారు 1 కోటి 91 లక్షలు. దేశంలో ఇదే ప్రథమ స్థానం. 2012 గణనలో ఈ సంఖ్య సుమారు 1 కోటి 28 లక్షలు మాత్రమే. 2017లో గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభం కావడం ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం. మందలు పెరిగినంత వేగంగా వాటిని చూడగల పట్టభద్రులు పెరగరు. పశువైద్యుడు తయారు కావడానికి ఐదున్నర సంవత్సరాలు పడుతుంది. ఆలోగా చిటుక రోగమో, నీలి నాలుకో, పారుడు రోగమో సోకితే కాపరికి దిక్కయ్యేది సకాలంలో వేసిన టీకా, వేళకు చేరుకోగల వైద్యుడు.

పాడి విషయంలోనూ ఇదే పరిస్థితి. చిట్యాల పరిసరాల్లోని చిన్న రైతు ఇంట ఒకటి రెండు గేదెలు ఉంటాయి. పాలు సహకార సంఘానికో, ప్రైవేటు కేంద్రానికో చేరుతాయి. నల్గొండ, రంగారెడ్డి జిల్లాల పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ "మదర్ డెయిరీ" పేరుతో హైదరాబాద్ విపణికి పాలు అందిస్తున్నది. ఎదకు వచ్చిన గేదెను గుర్తించడంలో ఒక్కసారి పొరపాటు జరిగితే చూడి కట్టడం మూడు వారాలు వెనుకబడుతుంది. ఆ మూడు వారాల మేత ఖర్చు రైతుదే. ఇక ఫ్లోరైడ్ సమస్య నల్గొండలో మనుషులతో ఆగలేదు. ఆ నీరు తాగిన పశువుల పళ్లు గారపట్టి అరిగిపోవడం, ఎముకలు దెబ్బతిని కుంటడం పశువైద్య శాస్త్రానికి తెలిసిన విషయమే. ఈ ప్రాంత విద్యార్థి తరగతి గదిలో పోషణ శాస్త్రం పేరుతో చదివే పాఠానికి ఉదాహరణ అతని ఇంటి కొట్టంలోనే కనిపించవచ్చు.

పేరులో ఒక చిక్కు ఉన్నందున దానిని స్పష్టం చేయవలసి ఉన్నది. విదేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, పశు విజ్ఞానం నాలుగేళ్ల పట్టా. పశువైద్యం ఆ తరువాత చదివే మరో నాలుగేళ్ల వృత్తి విద్య. మొదటిది చదివినవారు పోషణ, ప్రజననం, ఫారాల నిర్వహణ రంగాలలో పనిచేస్తారు, చికిత్స చేయరాదు. మన దేశంలో ఈ రెండింటినీ ఒకే పట్టాలో చేర్చారు. అందుచేత పశువుల మేత, జన్యు శాస్త్రం, పాల, మాంస ఉత్పత్తుల సాంకేతికత, శరీర నిర్మాణం, వ్యాధి విజ్ఞానం, శస్త్రచికిత్స అన్నీ ఒకే విద్యార్థి చదువుతాడు. భారత పశువైద్య మండలి 2016లో నిర్దేశించిన కనీస ప్రమాణాల మేరకు నాలుగున్నర సంవత్సరాల బోధన, ఒక సంవత్సరం తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఉంటాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పట్టా పొంది, పేరు నమోదు చేయించుకున్నవారే పశువైద్యులుగా వృత్తి నిర్వహించడానికి అర్హులు.

రాష్ట్రంలో ఈ చదువుకు పునాది 1946లో నాటి హైదరాబాద్ సంస్థానంలో పడింది. ఆ కళాశాల 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందకు, 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందకు, రాష్ట్ర విభజన అనంతరం పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది. రాజేంద్రనగర్‌లోని ఈ కళాశాలతోపాటు కోరుట్ల, మామునూరులలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. చిట్యాల నుంచి హైదరాబాద్ జాతీయ రహదారిపై సుమారు 80 కిలోమీటర్ల దూరమే అయినా, ఉదయం ఆసుపత్రి విధులు, రాత్రివేళ ఈత కేసులు ఉండే ఈ కోర్సును రోజూ బస్సులో వెళ్లి వస్తూ చదవడం సాధ్యం కాదు. హాస్టల్ ఖర్చును కుటుంబం ముందుగానే లెక్కలో వేసుకోవడం మంచిది.

అర్హత విషయానికి వస్తే ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు చదివి నిర్ణీత మార్కులు పొంది ఉండాలి. ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. అంటే బై.పి.సి. గ్రూపు తప్పనిసరి. ఇదే రంగంలోని డెయిరీ టెక్నాలజీ బి.టెక్. (కామారెడ్డి) కోరుకునేవారికి మాత్రం గణితం గల ఎం.పి.సి. గ్రూపు కావాలి. పెబ్బేరులోని మత్స్య శాస్త్ర కళాశాలలో చేరదలచినవారికి మళ్లీ బై.పి.సి. పాల మీద ఆసక్తి ఉండి జీవశాస్త్రం తీసుకున్న విద్యార్థి, గేదెల మీద ఆసక్తి ఉండి గణితం తీసుకున్న విద్యార్థి ఇద్దరూ రెండేళ్ల తరువాత ఒకే విధంగా చింతించవలసి వస్తుంది.

మొత్తం సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా కింద నీట్ ర్యాంకు ఆధారంగా భారత పశువైద్య మండలి కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అవుతాయి. మిగిలినవాటికి విశ్వవిద్యాలయం ఏటా ప్రకటన వెలువరిస్తుంది. బై.పి.సి. విద్యార్థులు నీట్, ఎప్‌సెట్ రెండింటికీ దరఖాస్తు చేసుకోవడం క్షేమకరం. ఎం.బి.బి.ఎస్. రాకపోతే దీన్ని చూద్దాం అనే ధోరణితో చేరేవారు ఏటా కనిపిస్తారు. అది నేరమేమీ కాదు. కాని పేడ వాసన, అర్ధరాత్రి పిలుపు, చేయి భుజం దాకా లోపలికి పెట్టి చూడి పరీక్ష చేయడం వంటివి తనకు ఇష్టమేనా అన్నది చేరకముందే తేల్చుకోవాలి. వేసవి సెలవుల్లో దగ్గరి పశువైద్యశాలలో వైద్యుల అనుమతితో వారం రోజులు కూర్చున్న విద్యార్థికి ఆ సమాధానం తానే దొరుకుతుంది.

చిట్యాల విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం రైతు కోటా. ఈ కోటా కోరేవారు పురపాలక పరిధి వెలుపలి విద్యాసంస్థలలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి, కుటుంబానికి కనీసం ఒక ఎకరం వ్యవసాయ భూమి ఉండాలి. చిట్యాల 2018లో పురపాలక సంఘంగా మారింది. అంటే ఉరుమడ్ల, వెలిమినేడు, గుండ్రాంపల్లి వంటి గ్రామాల బడుల్లో చదివిన సంవత్సరాలనూ, పట్టణంలోని పాఠశాలలో చదివిన సంవత్సరాలనూ వేర్వేరుగా చూపవలసి వస్తుంది. పట్టణంలో చేరిన విద్యార్థి తన గ్రామంలో ఎన్నేళ్లు చదివాడో తెలిపే స్టడీ సర్టిఫికెట్టును బడి మారిన రోజే తీసుకుని దాచుకోవాలి. పాత బడి మూతపడినా, మరో బడిలో విలీనమైనా ఆ రిజిస్టరు కోసం వెదకడం ఎంత కష్టమో మండల విద్యాధికారులకు తెలియనిది కాదు. భూమి తాత పేరుమీదే ఉండిపోయిన కుటుంబాలు పట్టాదారు పాసు పుస్తకం మార్పు పనిని కూడా ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ముగించుకోవాలి. వారసత్వ మార్పిడి కౌన్సెలింగ్ తేదీల కోసం ఆగదు.

పట్టా సీటు రానివారికి, లేక అంతకాలం చదివే వీలు లేనివారికి పదో తరగతి అర్హతతో పాలిసెట్ ద్వారా ప్రవేశం పొందే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉన్నది. మహబూబ్‌నగర్‌లో ఇందుకు పాలిటెక్నిక్ ఉన్నది. అయితే డిప్లొమా పొందినవారు నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు మాత్రమే అందించగలరని చట్టం చెబుతున్నది. గ్రామాల్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలను సైతం రైతులు "డాక్టరు" అనే పిలుస్తారు. పిలుపు వేరు, చట్టబద్ధమైన హోదా వేరు. ఈ తేడాను తల్లిదండ్రులకు చేరేటప్పుడే చెప్పడం ధర్మం.

ఉద్యోగాల విషయంలో ప్రభుత్వ నియామకాలు ఏటా జరగవు. 2022 డిసెంబరులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 185 పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అటువంటి ప్రకటన కోసం ఎదురుచూసే కాలంలో కోళ్ల పరిశ్రమ, పాల సంఘాలు, టీకాలు, దాణా తయారీ సంస్థలు, బీమా సంస్థలు, 2017లో మొదలైన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు పట్టభద్రులకు పని కల్పించాయి. పట్టణాలలో పెంపుడు కుక్కల వైద్యం ఆదాయం ఎక్కువ ఇచ్చే మాట నిజమే. పల్లెకు తిరిగి వచ్చే వైద్యుల సంఖ్యపై దాని ప్రభావం కూడా అంతే నిజం.

పరిశోధన వైపు మొగ్గుచూపేవారికి రెండేళ్ల ఎం.వి.ఎస్సి., ఆపై పిహెచ్.డి. ఉన్నాయి. ఇందుకు దూరం వెళ్లనవసరం లేదు. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్, చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ పనిచేస్తున్నాయి. అమెరికాలో వృత్తి నిర్వహించదలచిన భారత పట్టభద్రులు మాత్రం అక్కడి అర్హత నిర్ధారణ పరీక్షలను విడిగా పూర్తిచేయవలసి ఉంటుంది. ఆ ఖర్చును, కాలాన్ని విద్యారుణం తీసుకునే నాడే లెక్కించుకోవాలి.